అల్లుడికి పుల్ల మజ్జిగ

పెళ్ళి భోజనాల్లో మజ్జిగ బకెట్టుతో వచ్చే మనిషిని ఆపడం ఎంత కష్టమో నాలాంటివాడికే తెలుస్తుంది. పప్పు వద్దంటే పక్క విస్తరికి వెళ్ళిపోతారు. వేపుడు వద్దంటే మీ ఇష్టం అంటారు. మజ్జిగ వద్దంటే మాత్రం అక్కడే ఆగిపోతారు. "అదేందండీ, అన్నం మధ్యలో లేస్తారా?" అంటారు. ఆకులో మెతుకు మిగల్లేదు, వేళ్ళు ఎండిపోయాయి, అయినా వాళ్ళ దృష్టిలో నేనింకా మధ్యలోనే ఉన్నాను. మా వైపు భోజనం పప్పుతో మొదలుపెట్టొచ్చు, పచ్చడితో మొదలుపెట్టొచ్చు, ముగించడం మాత్రం పెరుగుతోనే. పెరుగు కలుపుకోకుండా లేచాడంటే ఆ మనిషికి కోపమన్నా వచ్చి ఉండాలి, జ్వరమన్నా వచ్చి ఉండాలి. నాకు రెండూ లేవు. పాలు పడవు, అంతే.

ఈ "అంతే" అనగలగడానికి నాకు సగం జీవితం పట్టింది.

నేను గుంటూరులో హైస్కూలు పిల్లలకి తెలుగు చెబుతాను. కాపురం నల్లపాడు వైపు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నా పొట్ట నాకు ఎదురు తిరగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం తిని క్లాసులోకి వెళ్ళి ఛందస్సు చెబుతుంటే, లోపల ఎవరో ఇత్తడి బిందెలు సర్దుతున్నట్టు చప్పుడు. గురువూ లఘువూ నేను బోర్డు మీద గుర్తుపెడుతుంటే, నా కడుపు వాటిని పైకి చదివి వినిపించేది. ముందు బెంచీల వాళ్ళు మర్యాదకి తల దించుకునేవారు. వెనక బెంచీల వాళ్ళకి ఆ మర్యాద లేదు. పద్యం సగంలో సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి నడిచిన రోజులు ఉన్నాయి. ఏ పద్యం ఎక్కడ ఆగిందో నాకిప్పటికీ గుర్తే.

గుంటూరు వాడికి కడుపు బాగోలేదంటే దోషిని వెతకాల్సిన పని లేదు. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒకే మాట అన్నారు.

"కారం తగ్గించండి మాస్టారూ. పెరుగు బాగా తినండి, చలవ."

తగ్గించాను. గొడ్డుకారం మానేశాను, గోంగూరలో ఎండుమిర్చి ఏరి పక్కన పెట్టాను, ఇడ్లీని పంచదారతో తిన్నాను. మిరపచేల మధ్య పుట్టి పెరిగినవాడు ఇడ్లీ పంచదారతో తినడం చూసి హోటల్లో సర్వరు "పిల్లాడికా సార్?" అని అడిగాడు. మానేసిన కారం స్థానంలో పెరుగు వచ్చి కూర్చుంది. పొట్ట ఇంకా చెడింది. ఇంకా కొంచెం పెరుగు తిన్నాను. కడుపు మంటకి పెరుగే విరుగుడు అని అందరూ చెబుతుంటే, పాలు విరిగితే వచ్చే నీళ్ళని కూడా విరుగుడే అంటామన్న సంగతి తెలుగు మాస్టారినై ఉండి నేను పట్టించుకోలేదు. మాటలు పాపం తమ వంతుగా హెచ్చరిస్తూనే ఉన్నాయి.

ఇక్కడిదాకా నా పొట్ట గొడవే. అసలు గొడవ మా అత్తగారిది.

మా అత్తగారి ఊరు మార్టూరు దాటి లోపలికి పోవాలి. గ్రానైటు లారీల దుమ్ము వెనకబడ్డాక పత్తి చేలు, మిరప చేలు మొదలవుతాయి. మా మామగారు రెండూ వేస్తారు. అత్తగారు ఒక గేదెని చూసుకుంటారు. చూసుకుంటారు అన్నది చిన్న మాట. ఆ గేదెకి ఆవిడ చెప్పుకునేన్ని కబుర్లు ఇంట్లో ఎవరికీ చెప్పరు.

నాతో అసలే చెప్పరు. కోపమేమీ కాదు, పద్ధతి. వాళ్ళ అమ్మ అల్లుళ్ళతో మాట్లాడలేదట, ఈవిడా మాట్లాడరు. నేను ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నా "అమ్మాయ్, మీ ఆయన కాఫీ తాగుతారేమో అడుగు" అంటారు. మా ఆవిడ అడగదు, నేను విన్నానని తనకి తెలుసు. "ఇప్పుడొద్దులే" అని నేను మా ఆవిడతో అంటాను. అదీ తను మోసుకెళ్ళదు. అలా ముగ్గురం కలిసి ఇద్దరి మాటలు మాట్లాడుకుంటాం. మా ఆవిడ అందుబాటులో లేకపోతే అత్తగారు వాకిట్లో తిరిగే కోడికి చెబుతారు. "అన్నానికి లేవొచ్చు" అని ఆవిడ కోడితో అంటే, నేను లేచి కాళ్ళు కడుక్కుంటాను.

ఆవిడ నాకు నేరుగా చెప్పినదంతా పెరుగుతోనే చెప్పారు. పిడకల దాలి మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు కాగి ఎర్రబడతాయి. మేం వస్తున్నామంటే ఆ పాలు విడిగా ఒక గిన్నెలో తోడుపెడతారు, నా ఒక్కడికి. మర్నాడు మధ్యాహ్నం ఆ గిన్నె తెచ్చి, మీగడ మొత్తం నా కంచంలోకి జారవిడిచి, కింద పెరుగుని గరిటెతో ముక్కలు ముక్కలుగా కోసి వేస్తారు. పులుపన్నది మచ్చుకైనా ఉండదు. మామగారికి నిన్నటి పెరుగు. అత్తగారికి అంతకు ముందుది, నీళ్ళు పోసి ఉప్పేసుకుని, అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కరే. అల్లుడికి పులిసిన పెరుగు వేసిన ఇల్లని పేరు పడడం ఆవిడ దృష్టిలో పంట పోవడం కన్నా పెద్ద నష్టం.

నాకు కారం పడదన్న కబురు మా ఆవిడ ద్వారా చేరాక, అత్తగారు తన పండుమిరపకాయ పచ్చడిని నా కంచం దరిదాపులకి రానివ్వలేదు. ఆ పచ్చడికి వీధిలో పేరుంది. పక్కింటి వాళ్ళు గిన్నె పట్టుకుని వస్తారు. పెళ్ళయిన కొత్తల్లో ఆవిడ దాన్ని కూతురి చేత నా వేడన్నంలో పెట్టించి, పైన నువ్వుల నూనె పోయించి, తలుపు వారగా నిలబడి నా మొహం చూసేవారు. అది పోయింది. దాని బదులు పెరుగు రెట్టింపయింది. నేను తిన్నాను. మధ్యాహ్నమంతా మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, బిందెల చప్పుడు దుప్పటితో కప్పుకునేవాణ్ణి. సాయంత్రం ఆవిడ కోడితో "పాపం, పచ్చడి వాసనకే పడలేదేమో" అనేవారు.

నిరుడు ఒక డాక్టరు గారు నన్ను కారం గురించి అడగనే లేదు. "పాలు, పెరుగు ఎంత తింటారు?" అన్నారు. నేను గర్వంగా చెప్పాను. ఆయన రాయడం ఆపి నా వైపు చూశారు. పాలల్లో లాక్టోజ్ అని ఒక చక్కెర ఉంటుందనీ, దాన్ని అరిగించే సరుకు పేగుల్లో వయసుతో తగ్గిపోవడం మనవాళ్ళలో మామూలేననీ, అరగని చక్కెర లోపల పులిసి గ్యాసవుతుందనీ చెప్పారు. "రెండు వారాలు పాల జోలికి పోకండి. చూద్దాం."

"మరి కారమండీ?"

"కారం మానమని నేననలేదే."

రెండు వారాలు పాల మొహం చూడలేదు. బిందెలు సర్దేవాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. ఉత్పలమాల మొదలుపెట్టి, నాలుగు పాదాలూ ముగించి, భావం కూడా చెప్పి కూర్చున్నాను. ఆ సాయంత్రం హోటల్లో కారప్పొడి వేసుకుని ఇడ్లీ తింటుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. కారానికే అనుకోండి.

అప్పటి నుంచి నాది వెతుక్కుని తినే బతుకు. బిస్కెట్ ప్యాకెట్ వెనక చీమతలంత అక్షరాల్లో పాలపొడి ఉందేమో చూస్తాను. కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్ చదువుతుంటే స్టాఫ్‌రూమ్‌లో "మాస్టారు కావ్యం పట్టారు" అంటారు. టీ కొట్టులో నా కోసం డికాషన్‌లో నిమ్మకాయ పిండుతారు. పిండేటప్పుడు నా వైపు చూసే చూపులో జాలి ఉంటుంది. నెయ్యి పెద్దగా ఇబ్బంది పెట్టదు, కోవా నిమిషాల మీద పగ తీర్చుకుంటుంది. పాలు అరిగించే మాత్రలు కూడా ఉన్నాయట, మా వీధి మందుల షాపులో అవి ఎప్పుడూ రేపే వస్తాయి. ఎముకల కోసం నువ్వులు, రాగులు, ఆకుకూరలు తినమన్నారు, తింటున్నాను. మా ఆవిడ పల్లీలు నానబెట్టి రుబ్బి ఆ పాలతో కాఫీ పెట్టింది. ఆ కాఫీ గురించి నేనేమీ రాయను, కాపురం చేసుకోవాలి.

ఇలా నాలోంచి పాలు పోయాయి గానీ, అత్తగారికి ఎలా చెప్పాలో మాత్రం పాలుపోలేదు. పెరుగు వద్దంటే ఆవిడ నాతో మాట్లాడే ఒక్క మాటా నోట్లోనే నొక్కేసినట్టు. ఇంకో మాట మా మధ్య లేదు. చెప్పకుండా తినేద్దామంటే పొట్ట ఇక ఒప్పుకునేలా లేదు, రుచి మరిగినట్టు అది సుఖం మరిగింది.

మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో మూడు రోజులు సెలవులు కలిసొస్తే ఒక శనివారం బయలుదేరాం. బస్సులో మొదలైంది.

"నువ్వే చెప్పు," అన్నాను.

"పొట్ట మీది."

"అమ్మ నీది."

చిలకలూరిపేట దాటేదాకా ఇద్దరం కిటికీలోంచి చూశాం. తర్వాత మా ఆవిడ "సరే, చెబుతా. మీరు మాత్రం మధ్యలో దూరి నవ్వించాలని చూడొద్దు" అంది.

నేను వసారాలో కూర్చున్నాను. వంటింట్లో మాటలు వసారాలోకి వినిపించడం ఆ ఇంటి నిర్మాణంలోనే ఉంది.

"మా గేదె పాలు పడకపోవడమేందే? టౌన్‌లో ఆ ప్యాకెట్ పాలు పడి ఉండవు."

"ఏ పాలైనా అంతేనమ్మా. డాక్టరు చెప్పాడు."

"కారం పడదన్నావుగా?"

"కారం కాదంట. ఇన్నాళ్ళూ పెరుగంట."

గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత అత్తగారి గొంతు తగ్గింది. అయినా వినిపించింది.

"అంటే నేను వేసిందల్లా తిని అవస్థపడ్డారా? మీగడంతా తీసి ఆయనకే వేశానే. ఒక్క మాట అనొచ్చుగా వద్దని."

"ఎవరితో అంటారమ్మా? నువ్వు మాట్లాడితేగా."

మా ఆవిడ మనసులో ఏదీ దాచుకోదు. ఆ మాట తర్వాత వంటింట్లోంచి కంచాలు సర్దే చప్పుడే వినిపించింది.

భోజనాల దగ్గర అత్తగారు పప్పు వేశారు, దొండకాయ వేపుడు వేశారు, చారు పోశారు. అన్నీ అయ్యాయి. అలవాటు కొద్దీ ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చేశారు. నా కంచం దాకా వచ్చి, గరిటె మీగడలో దించి, అప్పుడు ఆగారు. గిన్నె నిండుగా ఉంది, ఎర్రగా, పలకలా. మేం వస్తున్నామని రాత్రే తోడుపెట్టి ఉంటారు. ఆవిడ గరిటె పైకి తీసి, గిన్నె అంచుకి తుడిచి, లోపలికి వెళ్ళిపోయారు. మామగారికి పెరుగు ఎవరూ వేయలేదు. ఆయన కూడా అడగలేదు. ఆ రోజు ఆ ఇంట్లో ఇద్దరం అన్నం మధ్యలో లేచాం.

సాయంత్రం మామగారితో కల్లానికి వెళ్ళాను. ఎర్రటి కాయల మధ్య బాటలు తీసుకుని నడుస్తూ ఆయన తెల్లబడిన తాలుకాయలు ఏరి పక్కన వేస్తున్నారు. నేను వరసపెట్టి తుమ్ముతున్నాను.

"అయితే నా పంటని ఇన్నేళ్ళు ఉత్తపుణ్యానికి అనుమానించారన్న మాట," అన్నారు.

"కేసు కొట్టేశారు మామయ్యా."

"దానికేంలే, కాయకి పట్టింపుండదు. మీ అత్తకుంది." ఒక కాయ విరిచి గింజలు చూశారు. "గేదెని అమ్మేద్దామంటంది. ఎవరి కోసం పిండాలి, ఎవరి కోసం కాచాలి అంటంది. ఇందాకటి నుంచి కొట్టం దగ్గరే కూర్చుంది. దాంతో కూడా మాట్లాడట్లేదు."

గేదెతో కూడా మాట్లాడటం లేదంటే సంగతి ఎంత దూరం పోయిందో నాకు అర్థమైంది. నాకప్పుడు డాక్టరు గారు చివర్లో, లేచి నిలబడ్డాక అన్న మాట గుర్తొచ్చింది. బాగా పులిసిన మజ్జిగలో ఆ చక్కెర చాలావరకు తగ్గిపోతుంది, కాసిని కాసిని తాగి చూడండి, పడితే పడొచ్చు, పడకపోతే మానేయండి అన్నారు. నేనా మాటని పట్టించుకోలేదు. నా జీవితంలో పుల్ల మజ్జిగకి చోటు ఎక్కడిది? ఇంట్లో ఫ్రిజ్‌లో పులవదు, అత్తగారింట్లో నా దాకా రాదు.

మర్నాడు మధ్యాహ్నం నా భోజనం చారుతోనే ముగిసింది. చేతులు కడుక్కున్నాను. మా ఆవిడ పక్కింటికి వెళ్ళింది, మామగారు వసారాలో మంచం మీద వాలారు. అత్తగారు వంటింట్లో తినడానికి కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గడప దాటడం అదే మొదలు. ఆవిడ కంచం వదిలి లేవబోయారు. నేను గబుక్కున ఎదురుగా కింద కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి చూస్తూ ఆవిడ నిలబడలేక మళ్ళీ కూర్చున్నారు.

ఆవిడ కంచంలో అన్నం, ఒక పక్క పండుమిరపకాయ పచ్చడి. పక్కనే చెంబులో మజ్జిగ. వాసన దూరానికే తెలుస్తోంది.

"అత్తయ్యా, ఆ మజ్జిగ నాకు కాసిని పొయ్యండి."

ఆవిడ చుట్టూ చూశారు. కూతురు లేదు. కోడి కూడా లేదు. చివరికి చెంబుకే చెప్పారు.

"ఇది పులిసి చచ్చింది. మనుషులు తాగేది కాదు."

వసారాలోంచి మామగారి గొంతు వచ్చింది. "రోజూ నాకు పోసేది దానికి చెల్లెలే. నేను మనిషిని కానని ఇవాళే తెలిసింది."

"మీరు పడుకోండి. మీరేమన్నా అల్లుడా?"

"డాక్టరు గారు పులిసిందైతే తాగి చూడమన్నారు అత్తయ్యా. కమ్మటిదే పడదు. పులిసేకొద్దీ మంచిదట నాకు."

ఆవిడ నమ్మలేదు. నేను ఆవిడ కోసం అబద్ధమాడుతున్నానని అనుకున్నట్టున్నారు. డాక్టరు రాసిన కాగితమేదీ నా దగ్గర లేదు. ఒక కంచం తీసుకుని, కుండలోంచి నేనే అన్నం పెట్టుకుని ఆవిడ ముందుకి జరిపి కూర్చున్నాను. అన్నం తెల్లగా, ఒట్టిగా, చల్లారుతోంది.

అత్తగారు లేచారు. పోస్తారనుకున్నాను. వంటింట్లోంచి బయటికి నడిచి, వసారా దాటి, వీధి తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టి వచ్చారు. అల్లుడికి పుల్ల మజ్జిగ పోస్తుండగా ఊళ్ళో ఎవరి కంటా పడకూడదు. అప్పుడు చెంబు వంచారు. నాలుగు చుక్కలు పడగానే ఆపి, తల ఎత్తి నా మొహంలోకి చూశారు.

"చాలా బాబూ?"

ఇన్నేళ్ళలో ఆవిడ నేరుగా నాతో అన్న మొదటి మాట అది. తెలుగు మాస్టారినై ఉండి నేనిచ్చిన జవాబూ ఒక్క మాటే. "ఇంకాస్త," అన్నాను.

ఇంకాస్త పోశారు. ఉప్పు వేశారు. ఏదో మర్చిపోయినట్టు అటూ ఇటూ చూసి, "నంజుకోవడానికి…" అని ఆగిపోయారు. నేను ఆవిడ కంచంలో పచ్చడి వైపు చూశాను. ఆవిడ జాడీ దించి, మూత తీసి, చెంచా కొసన కొంచెమే వేశారు. నేను తింటుంటే పూర్వంలాగే మొహం చూస్తూ కూర్చున్నారు. ఆ పుల్లటి మజ్జిగన్నంలో ఆ పచ్చడి ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. పుల్లదనానికి దవడలు లాగాయి, కారానికి ముక్కు కారింది. మొహం ఏ ఆకారంలో ఉందో తెలియదు. ఆవిడకి మాత్రం నచ్చినట్టుంది.

మర్నాడు పొద్దున వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాను. మిరపకోతకి వచ్చిన ఆడవాళ్ళు దడి దగ్గర సంచులు సర్దుకుంటున్నారు. కొట్టంలో గేదె పక్కన పాలు పిండుతున్న అత్తగారు, పొదుగు మీద నుంచి చెయ్యి తీయకుండానే, వీధి చివరికి వినపడేలా అడిగారు.

"బాబూ, కడుపు ఎట్టా ఉంది?"

ఆడవాళ్ళంతా సంచులు వదిలి నా జవాబు కోసం చూశారు. బాగానే ఉందండీ అన్నాను. నిజానికి తెల్లారుజామున కాస్త గొణిగింది, కానీ అంతమంది ముందు ఏమని చెప్పను? మామగారు మంచం మీద నుంచే "ఆవిడ నోరు మీరే తెరిపించారు, అనుభవించండి" అన్నారు.

గేదె ఉంది. నా కోసం విడిగా తోడుపెట్టే గిన్నె కూడా ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని ముందుగానే తోడుపెట్టి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంచి, పులియబెడుతున్నారు. మామగారికి కమ్మటి పెరుగు పడుతోంది. పులుపు లేక ముద్ద దిగడం లేదని ఆయన గొణుగుతుంటే, "పుల్లటిది అల్లుడు గారికి తీసిపెట్టా" అంటున్నారట. అందులోనూ ఒక్కోసారి నాకు పడదు, అప్పుడు మానేస్తాను, ఆవిడకి చెబుతాను. చెప్పడం తేలికైంది.

మొన్న ఎనిమిదో క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. అత్తగారు. ఇప్పుడు కూతురికి కాదు, నాకే చేస్తారు. క్షేమసమాచారాలు ఉండవు, పంట సంగతులు ఉండవు, ఆవిడకి నాతో ఉన్న విషయం ఒకటే.

"పొద్దున సాఫీగా అయిందా?" అన్నారు.

సుద్ద చేతులతో బల్ల మీదే నొక్కిన ఫోన్ స్పీకర్‌లో ఉంది. ముందు బెంచీల వాళ్ళు మర్యాదగా తల దించుకున్నారు.